వాయించిన చేతుల చరిత్ర

మా అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల పుస్తకంలో ఎక్స్ దగ్గర రంగురంగుల పలకలు, రెండు పుల్లలు ఉన్న బొమ్మ ఉంది. జైలోఫోన్. "దీన్ని పెద్దవాళ్ళు కూడా వాయిస్తారా?" అని అడిగింది. వాయిస్తారన్నాను. "ఎవరు?" అంది. కేకో అబే అని వెంటనే చెప్పగలిగాను. ఆ పేరు నాకు తెలియడం వెనక నా పాత గాయం ఒకటుంది.

నా పరిశోధన రంగస్థల నటీమణుల, గాయనుల ఆత్మకథల మీద. వైవాలో ఒక పరీక్షకుడు, "వీళ్ళంతా ఎవరో రాసింది పాడారు, ఆడారు. ఇందులో వీళ్ళ సృజన ఎంత?" అన్నాడు. నేనేదో నసిగాను. డిగ్రీ వచ్చింది కానీ జవాబు రాలేదు. కొన్నేళ్ళ తర్వాత ఒక మిత్రురాలు ఇచ్చిన సీడీలో మరింబా విన్నాను. ఆ వాయించినామె జీవితం వెతుక్కుంటూ వెళితే నా జవాబు అక్కడ దొరికింది.

చెక్క పలకల వాద్యాలు ఆఫ్రికాలో శతాబ్దాలుగా ఉన్నాయి. మరింబా అన్న పేరు కూడా అక్కడిదే. ఐరోపా ఆర్కెస్ట్రాలో మాత్రం జైలోఫోన్‌కి చాలాకాలం చిల్లర వేషాలే దక్కాయి. 1874లో సాఁ-సాఁస్ తన 'డాన్స్ మకాబ్ర్'లో అస్థిపంజరాల చప్పుడు కోసం దాన్ని వాడుకున్నాడు. 1920ల అమెరికాలో హుషారు పాటల రికార్డుల్లో వెలిగి, ఆ మోజు తగ్గాక మళ్ళీ వెనక వరుసలోకి వెళ్ళింది. ఒంటరిగా వేదిక మీద నిలబడి గంటన్నర వాయించడానికి దానికంటూ సాహిత్యమే లేదు.

కేకో అబే 1937లో టోక్యోలో పుట్టింది. ప్రాథమిక పాఠశాలలోనే జైలోఫోన్ పట్టుకుంది. 1950లో లకూర్ అనే అమెరికన్ మిషనరీ మరింబాలను జపాన్‌కి తెచ్చి ప్రార్థనా సభల్లో వినిపించాడు. జైలోఫోన్‌కి మరింబా అక్కలాంటిది. పలకల అడుగుభాగాన్ని లోతుగా చెక్కుతారు, కింద గొట్టాలు అమరుస్తారు. అందుకే నాదం టకటకమనకుండా మెత్తగా, లోతుగా మోగుతుంది. ఆ మంద్రస్వరాలు విన్న పిల్ల ఇక వాటిని వదల్లేదు. పదమూడేళ్ళకే ఎన్‌హెచ్‌కె రేడియో పోటీలో నెగ్గి, వృత్తి కళాకారిణిగా ప్రత్యక్ష ప్రసారాల్లో వాయించడం మొదలుపెట్టింది.

1960ల మొదట్లో జెబెక్ అనే మరింబా త్రయంలో చేరి జనం మెచ్చే పాటలు, జానపదాలు రికార్డు చేసింది. అక్కడే ఆగిపోయినా బతుకు గడిచేది. ఆగలేదు. ఆ పాటల పక్కనే తన వాద్యానికి కొత్త రచనలు కావాలని జపాన్ స్వరకర్తలను అడగడం మొదలుపెట్టింది. తనకాతోషిమిత్సు 1965లో, మికి మినోరు, మియోషి అకిరా 1968లో రాసిన కృతులు ఇవాళ ప్రపంచమంతా మరింబా విద్యార్థులు నేర్చుకునే పాఠాలు. 1968లో ఆమె పూర్తిగా మరింబా కోసమే పుట్టిన రచనలతో కచేరీ చేసింది. ఆ కృతులు రాసింది వాళ్ళే, కాదనను. కానీ అడిగిన గొంతు, వాయించగల చేతులు లేకపోతే ఆ కాగితాల మీద ఏముండేది?

రచనలు వచ్చాక వాద్యమే చాలలేదు. అప్పట్లో మామూలుగా దొరికే మరింబా సుమారు నాలుగు ఆక్టేవులది, మన మాటల్లో నాలుగు స్థాయిలు. 1963 నుంచి యమహా సంస్థ నిపుణులతో కలిసి ఆమె కొత్త వాద్యం రూపకల్పనలో పనిచేసింది. కిందికి వెళ్ళేకొద్దీ పలక వెడల్పవ్వాలి, గొట్టం పొడవవ్వాలి, ఆ లోతులోనూ స్వరం తేటగా పలకాలి. ఇరవై ఏళ్ళ పని అది. 1980లకి అయిదు ఆక్టేవుల మరింబా తయారైంది. ఇవాళ ఒంటరి వాదనకి ప్రమాణం అదే. అంటే తను వాయించే వాద్యం శరీరాన్ని కూడా ఆమె తిరగరాసింది.

ఇన్ని చేశాక "ఆమె కేవలం వాయించింది" అనగలమా? తను కూడా స్వరరచన చేసింది. ముందు కాగితం కాదు, ముందు చేతులు. అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించినవి క్రమంగా 'మిచి'లాంటి కృతులయ్యాయి. 1982లో జపాన్ పిల్లల పాటల మీద వైవిధ్యాలు రాసింది. పిల్లల వాద్యమని చిన్నచూపు చూసినచోట, ఆ పిల్లల పాటలనే పెద్ద వేదిక మీద నిలబెట్టింది.

తాళవాద్య కళాకారుల అమెరికన్ సంస్థ, పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ, 1972లో మొదలుపెట్టిన గౌరవ జాబితాలో తొలి స్త్రీ పేరు చేరడానికి 1993 దాకా పట్టింది. ఆ పేరు ఆమెదే. ఇరవై ఒక్కేళ్ళు! ఆ ఇరవై ఏళ్ళూ ఆమె వాయిస్తూనే ఉంది, 1970 నుంచి తోహో గకుయెన్‌లో పాఠాలు చెబుతూనే ఉంది.

అచ్చయిన స్వరపత్రం మీద పైన రచయిత పేరుంటుంది. వాయించిన మనిషి పేరు, ఉంటే, అంకితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన సాహిత్య చరిత్ర కూడా అలాగే ముద్రితమైంది. నేనిప్పుడు నా ఆత్మకథల దగ్గరికి తిరిగి వెళ్ళాను. వైవా నాటికి నేను పట్టించుకోని చిన్న వాక్యాలను గుర్తుపెట్టుకుంటున్నాను: ఈ పద్యం నా శ్రుతికి మార్చమన్నాను, ఈ మాట నేను అననన్నాను, ఈ పాత్రకి ఇంకో రంగం కావాలన్నాను. అడగడం, నిరాకరించడం, మార్పించడం కూడా రచనేనని ఆ రోజు చెప్పి ఉండాల్సింది. ఆలస్యంగానైనా ఇక్కడ చెబుతున్నాను.