మౌలానా అన్వారుల్లా ఫారూఖీ: పాఠమూ నడవడీ

ఇస్లామీయ విద్యా సంప్రదాయంలో తాలీమ్, తర్బియత్ అనే రెండు మాటలు జంటగా వినవస్తాయి. మొదటిది పాఠం చెప్పటం, రెండవది నడవడిని తీర్చిదిద్దటం. పాఠం గ్రంథం నుండి కూడా లభిస్తుంది; నడవడి మాత్రం ఉస్తాద్ జీవితాన్ని చూసి అలవడవలసినదే. ఇందుకు హైదరాబాదు చరిత్రలో చక్కని నిదర్శనం మౌలానా అన్వారుల్లా ఫారూఖీ (రహ్మ) గారు.

హిజ్రీ 1264లో నాందేడ్ ప్రాంతంలో జన్మించిన మౌలానా, ఫిరంగీ మహల్ పండితులైన మౌలానా అబ్దుల్ హలీం, ఆయన కుమారులు మౌలానా అబ్దుల్ హై గార్ల వద్ద విద్య నభ్యసించారు. అనంతరం నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు. ఒకనాడు వడ్డీ లావాదేవీకి చెందిన కాగితానికి సారాంశం రాయవలసి వచ్చింది. వడ్డీ తినేవానితో పాటు దానిని రాసేవానినీ దైవప్రవక్త (స) శపించారని హదీసు. మౌలానా ఆ కాగితం రాయలేదు; ఉద్యోగమే వదులుకున్నారు.

హిజ్రీ 1292లో ఆయన జామియా నిజామియాను స్థాపించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు, తరువాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు గురువయ్యారు. జీతం కన్నా హలాల్ ముఖ్యమని ముందే నిరూపించుకున్న వ్యక్తి రాజకుమారులకు పాఠం చెప్పటం విశేషం. 1911లో సింహాసన మెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ మరుసటి సంవత్సరమే గురువుగారిని సదరుస్సుదూర్ పదవిలో నియమించారు.

అయితే శిష్యుని ప్రతి సుగుణాన్నీ గురువు ఖాతాలో వేయటం చరిత్రకు న్యాయం కాదు. మహబూబ్ అలీ ఖాన్ దాతృత్వం ఎంత ప్రసిద్ధమో, విలాసాలూ అంతే ప్రసిద్ధం. గురువు దారి చూపగలడు, నడవవలసింది శిష్యుడే. హిదాయత్ అల్లాహ్ చేతిలోనిది.

మౌలానా 1918లో పరమపదించారు. ఆయన ప్రభావాన్ని రాజమందిరంలో కన్నా ఆయన మద్రసాలో వెదకటం సబబు. అక్కడే చదివి, అక్కడే బోధించిన మౌలానా అబుల్ వఫా అఫ్గానీ వివాహం చేసుకోలేదు, ధనం కూడబెట్టలేదు. హనఫీ ఇమాముల ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి ప్రచురించటంలోనే 1975లో మరణించేవరకు జీవితం గడిపారు.

పెన్నా ఒడ్డున కోవూరు వంటి ఊళ్ళలో పిల్లలకు ఖాయిదా నేర్పే ఉస్తాద్‌కు రాజకుమారులు శిష్యులు కాకపోవచ్చు. కాని ఆయన తూకంలో, మాటలో, అప్పు తీర్చే తీరులో పిల్లలు చదివే పాఠం మాత్రం అదే.