తోక లేచిన బండి

రాజుల చరిత్రలు రాశారు, రాజ్యాల చరిత్రలు రాశారు. కోటలకూ, దిగుడుబావులకూ, ఆఖరికి టీ పొడికి కూడా చరిత్ర రాసిన మహానుభావులున్నారు. మోటారు సైకిలు వెనక భాగానికి చరిత్ర రాసిన పుణ్యాత్ముడు మాత్రం ఇంతవరకు నాకు తారసపడలేదు. ఆ భారం మచ్చ బొల్లారంలో కాపురముంటున్న నా నెత్తిన పడింది. నవ్వకండి! ఇంట్లో సంసారం ఎలా నడుస్తున్నదో తెలుసుకోవాలంటే ఆ ఇంటి బండి వెనక సీటు చూస్తే చాలు.

మా ఊరు సికింద్రాబాదుకు ఉత్తరాన, అల్వాలును ఆనుకుని ఉన్నది. ఈ చుట్టుపక్కల గాలిలోనే స్వారీ ఉందేమో అనిపిస్తుంది. నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల అజమాయిషీలో నడిచిన హైదరాబాదు కంటింజెంటు సైన్యం బొలారంలో దండు దిగిన నాటి నుంచీ ఇక్కడ గుర్రపు డెక్కల చప్పుడే. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఇక్కడే ఉంది. 1983 నవంబరు 20న, తన 36వ పెళ్ళిరోజున, రెండో ఎలిజబెత్ రాణి ప్రార్థనకు వచ్చింది ఆ చర్చికే. 1860లో కట్టిన రెసిడెంటు గారి బంగళా ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. దొరల కాలంలో దొరసానులు గుర్రం మీద రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసుకుని కూచునేవారు. దానికోసం వేరే జీను ఉండేది. ఆ జీనుకూ, మన ఆడవాళ్ళు స్కూటరు మీద ఒక పక్కకు కూచోవడానికీ చుట్టరికం లేదు గాని, అవసరం మాత్రం ఒక్కటే: కట్టుకున్న బట్ట.

గుర్రాలు వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆదివారం తెల్లవారితే రాజీవ్ రహదారి మీద హకీంపేట దాటి శామీర్‌పేట చెరువు వైపు మోటారు సైకిళ్ళు పరుగులు తీస్తాయి. వాటి ముందు భాగం నేలను వాసన చూస్తున్నట్టు వంగి ఉంటుంది. వెనక భాగం తేలు కొండి ఎత్తినట్టు ఆకాశం వైపు లేచి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ఎత్తు చాలక, దాన్ని ఇంకా ఎత్తించుకునే వాళ్ళున్నారు. ఇంతకూ ఈ తోక ఎప్పుడు లేచింది? ఎందుకు లేచింది?

మొదట్లో తోక లేదు, స్ప్రింగూ లేదు. 1885లో జర్మనీలో డైమ్లరు, మేబాక్ కలిసి తయారు చేసిన తొలి పెట్రోలు బండికి చట్రం చెక్కది, చక్రాలూ చెక్కవే. దాని ఇంజనును మండించే వేడి గొట్టం సరిగ్గా సీటు కింద ఉండేది. తొలి ప్రయాణాల్లోనే సీటు అంటుకుందని చెబుతారు. మోటారు సైకిలు చరిత్రలో వెనక భాగానికి జరిగిన మొదటి సన్మానం అది! ఆ తరవాత చాలాకాలం పాటు వెనక చక్రాన్ని చట్రానికి కదలకుండా బిగించేవారు. గతుకుల భారమంతా సీటు కింది స్ప్రింగులదీ, నడిపేవాడి వెన్నుపూసలదీ. 1928లో విన్సెంట్ అనే ఇంగ్లీషు కుర్రవాడు తన పేరున బండ్లు చేయడం మొదలుపెట్టి, వెనక చక్రానికి కూడా స్ప్రింగు పెడితే చాలామంది అనుమానంగా చూశారు. వెనక చక్రం ఊగితే బండి అదుపు తప్పుతుందని ఆనాటి పెద్దల భయం.

ఆ భయం పోగొట్టిన వాటిలో మనకు బాగా తెలిసిన బండి ఒకటుంది, ఎన్‌ఫీల్డు బుల్లెట్. రెండో యుద్ధం ముగిశాక, 1949లో అమ్మకానికి వచ్చిన బుల్లెట్‌కు వెనకవైపు ఊగే చేయి, దానికి నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు రెండు. మరుసటి ఏడు, 1950లో, బెల్‌ఫాస్టుకు చెందిన మెకాండ్లెస్ సోదరులు నార్టన్ కంపెనీకి కొత్త చట్రం చేసి పెట్టారు. దాని మీద ఎక్కిన పందెగాడు హెరాల్డ్ డానియెల్‌కు దూది పరుపు మీద కూచున్నట్టనిపించిందట. ఆ చట్రానికి ‘ఫెదర్ బెడ్’ అన్న పేరు అలా స్థిరపడిపోయింది. అదే ఏడు జెఫ్ డ్యూక్ దాని మీద ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ పందెం గెలిచాడు. సుఖంగా ఉండే బండే వేగంగానూ పోతుందని పందెగాళ్ళకు తెలిసొచ్చింది.

మనదేశపు సైన్యం సరిహద్దు గస్తీ కోసం 1952లో 800 బుల్లెట్లకు ఆర్డరిచ్చింది. 1955 నుంచి మద్రాసులోనే వాటి తయారీ మొదలైంది. 1961లో మైసూరులో జావా వచ్చింది. 1973 నుంచి అదే యెజ్డీ అయింది. రాజ్‌దూత్‌ను చెప్పకపోతే పాలవాళ్ళు ఊరుకోరు. వీటన్నిటికీ ఒక పోలిక ఉండేది. సీటు మన ఇంటి అరుగులా బల్లపరుపుగా, పొడుగ్గా ఉండేది. ముందు నాన్న, టాంకు మీద పిల్లవాడు, వెనక ఒక పక్కకు అమ్మ, ఆమె ఒళ్ళో చంటిబిడ్డ, చేతిలో కూరల సంచీ! చట్టం ఒప్పుకోదు గాని, ఆ సీటు మాత్రం అందరినీ ఒప్పుకునేది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా ఆ వెనక మనిషిని మరిచిపోలేదు. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి మెట్టు, బట్ట చక్రంలో చిక్కకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలన్నాయి. ఆ కప్పునే మనం చీర గార్డు అంటాం. ఒక దేశపు చట్టం చీర కుచ్చిళ్ళ గురించి అంతగా ఆలోచించడం నాకు మహా ముచ్చటేస్తుంది.

ఇక తోక లేవడం. దీనికి పందెం మైదానాల దగ్గరకు పోవాలి. బండిని వంపులో తిప్పేవాడికి రెండు కోరికలు. బండి చెప్పిన మాట వెంటనే వినాలి, విన్నాక తూలకూడదు. ఈ రెండూ అత్తాకోడళ్ళ వంటివి. ఒకరిని మెప్పిస్తే ఒకరికి కోపం. వాటి మధ్య తీర్పు చెప్పేది ముందు ఫోర్కు వాలు.

ఆస్పత్రిలో స్ట్రెచర్ చక్రాన్ని చూడండి. దాని ఇరుసు, పైన తిరిగే కీలు కంటే కాస్త వెనక ఉంటుంది. అందుకే నెట్టిన వైపు తిరిగి, బుద్ధిగా వెంట వస్తుంది. మోటారు సైకిలు ముందు చక్రమూ అంతే. ఫోర్కు తిరిగే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. ఈ ఎడాన్ని ‘ట్రెయిల్’ అంటారు. ట్రెయిల్ ఎక్కువైతే బండి నిదానస్థుడు, తిన్నగా పోతుంది. తక్కువైతే చురుకు, కాని చంచలం.

ఇప్పుడు వెనక భాగాన్ని ఎత్తండి. బండి మొత్తం ముందుకు వంగుతుంది, ఫోర్కు నిటారవుతుంది, ట్రెయిల్ తగ్గుతుంది. రెండు చక్రాల నడిమి దూరం 1350 మిల్లీమీటర్లనుకుంటే, వెనక 24 మిల్లీమీటర్లు లేపితే చాలు, ఫోర్కు ఒక డిగ్రీ నిటారవుతుంది. ట్రెయిల్ సుమారు 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అగ్గిపెట్టె మందం కూడా లేని ఈ లెక్కల మీద పందేలు గెలుస్తారు, ఎముకలు విరుగుతాయి.

ఎడ్లబండి తోలినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎద్దు మెడ పట్టేస్తుంది. ముందుకు పడితే కాడి మెడ మీద మోపై కూచుంటుంది. బస్తాలు జానెడు ఇటూ అటూ జరిపి తూకం చూశాకే బండి కదిలేది. ఇరుసుకు ముందెంత, వెనకెంత అన్నది మన తాతలకు చేతి లెక్క.

అయితే రెండు చక్రాల బండి అసలు పడకుండా ఎందుకు నిలబడుతుందన్నది శాస్త్రజ్ఞులకు కూడా చాలాకాలం చిక్కుముడే. 1899లో విపుల్ అనే ఆయన సైకిలుకు సమీకరణాలు రాశాడు. 1970లో డేవిడ్ జోన్స్ అనే రసాయన శాస్త్రవేత్త, ఎవరూ తొక్కలేని సైకిలు తయారు చేయాలని కంకణం కట్టుకున్నాడు. ఫోర్కు మార్చి మార్చి చూసి, సైకిలు స్థిరత్వానికి ట్రెయిల్ ముఖ్యమని తేల్చాడు. 2011లో మరికొందరు ట్రెయిల్ లేకుండానే తనంత తాను నిలబడే బండి చేసి చూపించారు. అంటే ట్రెయిల్ ఒక్కటే గాదు, బరువు ఎక్కడున్నదన్నదీ ముఖ్యమేనన్నమాట. మళ్ళీ ఎడ్లబండి దగ్గరకే వచ్చాం, చూశారూ!

పందెం వాళ్ళు ఈ ఎత్తును సర్దుకునే వస్తువుగా మార్చారు. లూసియెన్ టిల్‌కెన్స్ అనే బెల్జియం ఇంజనీరు రెండు షాకుల బదులు ఒకే షాకు పెట్టే పద్ధతి కనిపెట్టాడు. యమహా దాన్ని తీసుకుని 1973లో 250 సి.సి. మోటోక్రాస్ ప్రపంచ కిరీటం కొట్టింది. షాకు ఒకటై, దానికీ చక్రానికీ మధ్య లింకులు చేరాక, లింకు పొడవు కాస్త మారిస్తే వెనక ఎత్తు చాలా మారే వీలు దొరికింది. 1994లో వచ్చిన ఇటలీ బండి డుకాటి 916కు మర తిప్పి వెనక ఎత్తు పెంచుకునే కడ్డీనే పెట్టారు.

ఈ గాలి మన దాకా రావడానికి కొంత కాలం పట్టింది. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద మద్రాసు దగ్గర షోలవరంలో పందేలు జరిగేవి. 1983లో రాజ్‌దూత్ 350, 1985లో ఆర్.ఎక్స్. 100 వచ్చి కుర్రకారుకు వేగం రుచి చూపించాయి. వాటి సీటు ఇంకా అరుగే. 2008లో యమహా ఆర్15 వచ్చాక సంగతి మారింది. దాని సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు. 2011లో వచ్చిన రెండో రూపంలో 800 అయింది, సీటు రెండు ముక్కలైంది, తోక లేచింది. 2018 నాటి మూడో రూపంలో 815. కొలతల్లో పెరిగింది అంగుళమే. కాని ఆ రెండు ముక్కల్లో వెనక ముక్క అరచేయంతయి, అటక మీదికెక్కింది.

మా వీధిలో ఇంజనీరింగు చదివే కుర్రవాడొకడున్నాడు. మొన్న మెకానిక్ షెడ్డులో తన బండికి లింకు మార్పిస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

“ఏం పెట్టిస్తున్నావురా?”

“డాగ్ బోన్ తాతా. వెనక ముప్పై ఎమ్మెమ్ లేస్తది. మలుపుల మస్తు తిరుగుతది.”

కుక్క ఎముక! చూస్తే నిజంగానే అలా ఉంది. పాతదాని కంటే కొంచెం పొట్టిది. మిస్త్రీ మాత్రం స్పానరు పక్కనపెట్టి అన్నాడు: “వెనక లేపుడు అల్కనే సార్. అటెన్క చెయిను జూడాలె. సైడు స్టాండు పొట్టిగైతది, బండి ఒక దిక్కు బాగ ఒరుగుతది. లైటు రోడ్డును గాదు, నేలను జూస్తది. జోరుమీద గుంతల వడితే హ్యాండిలు వణుకుతది. బ్రేకు గట్టిగ గుద్దితే ఎనక చక్రం తేలుతది.” ఇన్ని చెప్పి కూడా బిగించాడు. బిగించడం ఆయన వృత్తి కదా!

సాయంత్రం ఆ కుర్రవాడి నాయనమ్మ కళ్ళాస్పత్రికి బయలుదేరింది. బండి చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. ఒక చేత్తో వాడి భుజం పట్టుకుని, రెండుసార్లు కాలెత్తి చూసి, దించేసింది.

“నిచ్చెన దేరా బిడ్డా, ఎక్కుత” అన్నది.

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ వెనక సీటుకు పట్టుకునేందుకు పిడి లేదు, చీర గార్డు ఎప్పుడో ఊడదీశాడు. చివరికి ఆటో పిలిచారు. వాళ్ళ నాన్న పాత వంద సి.సి. బండి అమ్ముడుపోక ముందు ఆమె ప్రతి నెలా దాని మీదే ఆస్పత్రికి పోయి వచ్చేది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. కాని చట్టం భయం కంటే నాకు ఆ వణికే హ్యాండిలు భయమే ఎక్కువ. సర్కస్ రింగు లాంటి పందెం మైదానంలో గుంతలుండవు, గేదెలుండవు, ఎదురుగా రాంగు రూటులో వచ్చే ఆటో ఉండదు. అక్కడి కొలత అల్వాలు రోడ్డుకు ఎలా సరిపోతుంది?

అసలు తమాషా ఇంకోటుంది. మోటో జీపీ అనే ప్రపంచ పందెంలో ఈ మధ్య ఏళ్ళలో వెనక భాగాన్ని ఎత్తడం గాక, దించే యంత్రాలు పెట్టారు. వంపు దాటి తిన్నటి దారిలో పడగానే పందెగాడు మీట నొక్కితే వెనక కూలబడుతుంది. ముందు చక్రం గాలిలోకి లేవకుండా బండి దూసుకుపోతుంది. ముందువైపు యంత్రాలను 2023లో నిషేధించారు. 2027 నుంచి ఎత్తు మార్చే యంత్రాలేవీ ఉండకూడదని నిబంధన పెట్టారు. ఎత్తడమో దించడమో గొప్ప కాదు, ఏ పనికి ఏ ఎత్తు అన్నదే లెక్క అని లోకంలోకెల్లా వేగంగా పోయేవాళ్ళే చెబుతున్నారన్నమాట.

కుర్రవాళ్ళ సరదాను కాదనే ముసలితనం నాకింకా రాలేదు. మలుపులో వంగి లేచే బండిని చూస్తే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. మైదానానికి పోయేవాడు తోక ఎత్తుకోవచ్చు, తెలిసినవాళ్ళ చేత కొలతలు చూపించుకుని మరీ ఎత్తుకోవచ్చు. ఇంటి బండి సంగతి వేరు. 1928లో ఒకాయన వెనక చక్రానికి స్ప్రింగు పెట్టింది మొదలు, 1989లో ప్రభుత్వం చీర గార్డు గురించి రాసేదాకా, అంతమంది తల బద్దలు కొట్టుకున్నది వెనక కూచునే మనిషి సుఖం కోసం కూడా. వెనక ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలన్నది మిస్త్రీనీ, పుస్తకాన్నీ అడిగేముందు ఇంట్లో నాయనమ్మను అడగడం మంచిది. ఆమె దగ్గర టేపు ఉండదు గాని, కొలత మాత్రం తప్పదు.