బళ్లారి కోటలో ఒక తెలుగు పాఠం



పాఠశాల విహారయాత్ర అనగానే మన సీమలో అందరి చూపు హంపీ వైపుకో, తుంగభద్ర ఆనకట్ట వైపుకో మళ్లుతుంది. బళ్లారి నడుమ నిలిచి ఉన్న కోటను మాత్రం సంతకో, ఆసుపత్రికో, కచేరీకో పోయి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోనుండి చూడడమే గాని, శ్రద్ధగా పైకెక్కి చూచినవారు మా రూపనగుడి పరిసరాలలో కొద్దిమందే. చరిత్ర పాఠానికే కాక తెలుగు పాఠానికి కూడ ఆ కోట ఎంత తగిన చోటో ఈ వ్యాసంలో మనవి చేయదలచాను.

కోటను చూపగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎవరిది?" అని. సరిహద్దు జిల్లాలో ఆ ప్రశ్నకు లోపల మరొక అర్థం కూడ ఉంటుంది: "కన్నడిగులదా, తెలుగువారిదా?" దీనికి తొందరపడి ఒక్క మాటలో జవాబు చెప్పకూడదు. ముందు కోట కథ చెప్పాలి. కథ పూర్తి అయ్యేసరికి ఆ ప్రశ్న దానంతట అదే మారిపోతుంది.

బళ్లారి గుడ్డ సుమారు రెండు మైళ్ల చుట్టుకొలత గల ఎత్తైన రాతికొండ. దానిపై ఉన్నది ఎగువ కోట, దాని పాదాన తూర్పు భాగాన్ని చుట్టుకొని ఉన్నది దిగువ కోట. ఎగువ కోటను విజయనగర కాలపు పాలెగాడు హనుమప్ప నాయకుడు కట్టించినట్లు చెబుతారు. రాళ్ల నడుమ మెలికలు తిరుగుతూ పోయే ఒకే ఒక దారి దానికి ప్రవేశం. శిఖరంపై పెద్ద సైన్యం నివసించడానికి వసతి లేదు. రాతి చీలికలను ఆసరాగా చేసుకొని కట్టిన లోతైన నీటి తొట్లు మాత్రం ఉన్నాయి. ఆకాశం నుండి పడిన ప్రతి చుక్కను దాచుకుంటేనే అక్కడ మనిషి నిలువగలడు. మన పిల్లలు ముందుగా గమనింపవలసినది ఆ నీటి ఏర్పాటునే, గోడలను తరువాత చూడవచ్చును.

ఇక దిగువ కోట కథ. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇక్కడి పాలెగాడు ఆదోనిని ఏలుతున్న బసాలత్ జంగ్‌కు లోబడి ఉండేవాడు. ఈ బసాలత్ జంగ్ నిజాం అలీఖాన్‌కు సోదరుడు. పాలెగాడు కప్పం చెల్లించ నిరాకరించగా ఆదోని సైన్యం వచ్చి బళ్లారిని ముట్టడించింది. దిక్కు తోచక అతడు మైసూరు ప్రభువు హైదర్ అలీని శరణు వేడినాడు. హైదర్ అతివేగంగా వచ్చి ముట్టడి సైన్యాన్ని చెదరగొట్టినాడు, ఆ వెంటనే కోటను తానే ఆక్రమించుకొన్నాడు. ఇది 1775 ప్రాంతంలో జరిగిన సంగతి. పిల్లి వచ్చి కోతి చేత రొట్టె పంచించుకొన్న కథ మన పిల్లలకు తెలిసినదే గదా!

కోట చేజిక్కిన తరువాత హైదర్ ఒక ఫ్రెంచి ఇంజనీరు సహాయంతో దానిని బలపరచి, దిగువ కోటను బురుజులతో, లోతైన అగడ్తతో, తూర్పు పడమరల రెండు ద్వారాలతో తీర్చిదిద్దినాడు. పని పూర్తి అయిన పిదప, పక్కనున్న కుంబార గుడ్డ ఈ కోటకొండకంటె ఎత్తైనదని, అక్కడ ఫిరంగులు నిలిపితే కోట శత్రువు చేతిలో ఉన్నట్లేనని హైదర్‌కు తెలిసిందట. ఆ కోపంతో ఇంజనీరును కోట ద్వారం వద్దనే ఉరి తీయించినాడట. "అట" అని రెండుసార్లు వ్రాసినది ఉద్దేశపూర్వకంగానే. ఇది జనశ్రుతి. తూర్పు ద్వారం వద్ద అతని సమాధి ఉన్నదని కూడ చెప్పుకొంటారు. తెలుగులో ఆ ఒక్క అక్షరాల జంట చరిత్రకు, విన్నకథకు నడుమ గీత గీస్తుంది. "ఉరి తీయించినాడు" అన్న వాక్యానికి, "ఉరి తీయించినాడట" అన్న వాక్యానికి గల భేదం వ్యాకరణ పుస్తకంలో చదివినప్పటికంటె ఆ ద్వారం ముందు నిలబడినప్పుడు పిల్లవానికి బాగా బోధపడుతుంది.

కోటకంటె ఎత్తైన కొండ ప్రమాదమన్నది వట్టి కథ మాత్రం కాదు. సరిగ్గా అదే కాలంలో, భూగోళానికి అవతలి వైపున, అది కళ్లకు కట్టినట్లు జరిగింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగాన, షాంప్లేన్ సరస్సు ఒడ్డున టికొండెరోగా అనే కోట ఉన్నది. 1755లో దానిని కట్టనారంభించినవారు కూడ ఫ్రెంచివారే. తరువాత అది ఇంగ్లీషువారి వశమైంది. 1775లో అమెరికా స్వాతంత్ర్య యోధులు దానిని పట్టుకొన్నారు. దాని పక్కనే మౌంట్ డిఫయన్స్ అనే ఎత్తైన కొండ ఉన్నది. అంత నిటారైన కొండపైకి ఫిరంగులు ఎక్కించడం అసాధ్యమని కోటలోనివారు తలచారు. 1777 జూలైలో ఇంగ్లీషు సైన్యం ఎక్కించి చూపింది. కొండపై ఫిరంగులు కనబడగానే అమెరికన్ సేనాని సెయింట్ క్లెయిర్ యుద్ధం లేకుండానే రాత్రికి రాత్రి కోటను విడిచిపోయాడు. అందుకై అతనిపై సైనిక విచారణ జరిగింది, 1778లో నిర్దోషి అని తేలింది. మన కుంబార గుడ్డ కథను, ఈ టికొండెరోగా వృత్తాంతాన్ని పక్కపక్కన పెట్టి చెప్పి చూడండి. యుద్ధశాస్త్రం ఏమిటో పిల్లలకు వేరుగా వివరింపవలసిన పని ఉండదు.

ఆ టికొండెరోగాలో నేడు జరుగుతున్న పని మనకు మరింత ఆసక్తికరమైనది. అక్కడి నిర్వాహకులు కోటను అద్దాల పెట్టెలోని వస్తువుగా ఉంచలేదు. ఆనాటి సిపాయిల దుస్తులు ధరించినవారు సందర్శకుల ఎదుట చెప్పులు కుడతారు, బట్టలు కుడతారు, వంట చేస్తారు, తుపాకులు పేల్చి చూపుతారు. దీనిని సజీవ చరిత్ర అనవచ్చును. కోట కిందనే కింగ్స్ గార్డెన్ అనే తోట కూడ ఉన్నది. కోటలోని దండుకు కూరగాయలు పండించిన పాత తోటల జ్ఞాపకం అది. కోటకు తోట ఎందుకని పిల్లలు ఆశ్చర్యపోతారు. ముట్టడి పడినప్పుడు కత్తికంటె ముందు నీరు, కూడు తీర్పు చెబుతాయి గనుక.

దీనికి సాక్ష్యం మన గుత్తి కోట. బళ్లారి తరువాత హైదర్ అలీ మురారిరావు ఘోర్పడే ఏలుతున్న గుత్తిని ముట్టడించినాడు. కొండపై కట్టిన ఆ కోట సామాన్యంగా లొంగేది కాదు. కాని నెలల తరబడి ముట్టడి సాగేసరికి పైన నీరు అడుగంటింది. 1776లో మురారిరావు లొంగిపోక తప్పలేదు. ఆ గుత్తిలోనే మరొక సంగతి కూడ చెప్పవచ్చును. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించగా మొదట గుత్తిలో సమాధి చేశారు. 1831లో ఆ అస్థికలను మద్రాసుకు తరలించారు. పత్తికొండలో ఆయన పేరిట నిలిపినది విగ్రహం కాదు, ఒక చెట్ల తోపు, రాతి మెట్ల బావి. కరవు సీమలో నీడకు, నీటికి మించిన స్మారకం ఏముంటుంది?

మరల బళ్లారికి వద్దాం. 1792 సంధితో ఈ ప్రాంతం నిజాముకు, 1800లో నిజాము నుండి ఇంగ్లీషు కుంపిణీకి పోయింది. ఆ విధంగా దత్త మండలాలు ఏర్పడ్డాయి. వాటికి మొదటి ప్రధాన కలెక్టరు కూడ ఈ మన్రోయే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారి సూచనపై రాయలసీమ అనే పేరు పెట్టినది ఈ దత్త మండలాలకే. అప్పటి రాయలసీమలో బళ్లారి కూడ ఒక భాగమే. ఇంగ్లీషువారి కాలంలో బళ్లారి పెద్ద దండు స్థావరమైంది. దిగువ కోటలో ఆయుధాగారం, బారకాసులు, చర్చి, తపాలా కచేరీ, కోట మల్లేశ్వరుని గుడి ఒకే ప్రాకారం లోపల ఉండేవి. కోట ఆంజనేయుడు తూర్పు ద్వారం వెలుపల వెలసి ఉన్నాడు. దండును ఆశ్రయించి పెరిగిన కౌల్ బజార్ పేరులో కౌలు అనే మన పాత మాట నేటికీ వినబడుతుంది. నేడు కూడ దిగువ కోటలో బడులు ఉన్నాయి, చర్చిలు ఉన్నాయి, మనుషులు తిరుగుతారు. కోటకు సమీపంలోని కనక దుర్గమ్మ సిడిబండి ఉత్సవం నాడు కన్నడం మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు ఒకే గుంపుగా నిలబడి మ్రొక్కుకొంటారు. వేషాలు వేసి తేవలసిన సజీవ చరిత్రలో సగం మనకు వేషం లేకుండానే ఉన్నది.

వేషం వేసిన చరిత్ర కూడ ఈ ఊరికి కొత్త కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నడిపినది ఈ బళ్లారిలోనే. ఇద్దరూ న్యాయవాదులే. కోలాచలం వారు విజయనగర పతనాన్ని ఇతివృత్తంగా తీసుకొని 'రామరాజు చరిత్ర' నాటకం వ్రాశారు. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) అందులో పఠాన్ రుస్తుం పాత్ర ధరించి ప్రఖ్యాతి పొందారు. రాఘవ తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో కూడ నటించినవారు. టికొండెరోగావారు నేడు చేస్తున్న పనిని నూరేళ్లకు ముందే మనవారు రంగస్థలంపై, తెలుగు మాటలలో చేశారన్నమాట. ఆ సంగతి బళ్లారి తెలుగు పిల్లలలో ఎందరికి తెలుసు?

ఇక్కడే అసలు విషయానికి వస్తున్నాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచాయి. బళ్లారి తాలూకాపై జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపి చేసిన సిఫారసు మేరకు అది మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ వివాదాన్ని మరల తవ్వడం నా ఉద్దేశం కాదు. కన్నడం మనకు అన్నం పెడుతున్న భాష, దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని ఆ తరువాత మన పిల్లలు చదివిన తెలుగు వాచకాలలో వారి ఊరు లేదు, వారి ఊరి చరిత్ర చెప్పిన పుస్తకాలలో వారి ఇంటి భాష లేదు. ఫలితంగా తెలుగు అనేది ఎక్కడో దూరాన ఉన్న వారి భాష అని, తాము నిలుచున్న నేలకు దానితో సంబంధం లేదని పిల్లవాడు అనుకొంటాడు. ఆ భావం ఒకసారి నాటుకొంటే బడిలో ఎన్ని గంటలు కేటాయించినా తెలుగు నిలువదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరగడానికి వసతులు కల్పింపవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణం 1956 నుండి చెబుతున్నది. వసతి ప్రభుత్వం ఇవ్వవచ్చును, మమకారాన్ని మాత్రం మనమే కలిగించాలి.

అందుకు బళ్లారి కోట ఎట్లు ఉపకరిస్తుందో క్లుప్తంగా చెబుతాను.

మొదటిది, మాటలు. కోట, బురుజు, అగడ్త, గవని, దిడ్డి, ప్రాకారం, పాలెగాడు, కప్పం, ముట్టడి, దండు – ఇవన్నీ పుస్తకంలో అర్థం వ్రాసుకొని మరచిపోయే మాటలు. అక్కడ వేలు పెట్టి చూపితే జన్మలో మరువరు. రాతిలోని నీటి గుంటను చూపి "దొన" అనండి. కన్నడంలో "దొణె" అంటారని పిల్లలే చెబుతారు. కోటకు కోటె, వాకిలికి బాగిలు, కుమ్మరికి కుంబార. రెండు భాషలు అక్కచెల్లెళ్లన్న సంగతి ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది.

రెండవది, రచన. ఒకే సంఘటనను పాలెగాడు చెప్పినట్లు ఒకరు, హైదర్ చెప్పినట్లు ఒకరు, నీళ్లు మోసిన సిపాయి చెప్పినట్లు ఒకరు తెలుగులో వ్రాయాలి. తరువాత బడిలో దానినే చిన్న నాటికగా ఆడించవచ్చును. కోలాచలం వారి ఊరి పిల్లలకు అది తగని పని కాదు.

మూడవది, తోట. బడి ఆవరణలో నాలుగు మళ్లు చేసి తోటకూర, గోంగూర, మెంతికూర, మునగ వేయించండి. కోటలో వందమంది చిక్కుకొంటే ఎన్నాళ్లకు ఎంత నీరు, ఎంత కూర కావాలో లెక్క వేయించండి. లెక్కల మాస్టారు కూడ సంతోషంగా తోడు వస్తారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. చలికాలంలో, తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి. పైన నీడ తక్కువ, తాగేనీరు వెంట తీసుకొనిపోవాలి. నీటి తొట్ల అంచులకు చిన్నపిల్లలను పోనీయవద్దు. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం గనుక గోడలపై పేర్లు గీయనీయవద్దు. పైకి చేరిన తరువాత, ఫోటోలు తీయడానికి ముందు, ఈ కథను ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. పాలెగాండ్లు, ఆదోని నవాబులు, మైసూరు ప్రభువులు, నిజాములు, ఇంగ్లీషువారు అందరూ ఆ కోట తమదే అనుకొన్నారు, అందరూ వెళ్లిపోయారు. దాని కథను తన భాషలో చెప్పగలిగిన పిల్లవాడు మాత్రం "ఇది ఎవరిది?" అని మరల అడుగడు.