తోకేజి గడప

కమకుర అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఆరుబయట కూర్చున్న కంచు బుద్ధుడు. జపాన్‌లోని ఆ పాత పట్నాన్ని మేము మాత్రం ఉత్తరపు కొస నుంచి కాలినడకన చూశాం. మూడు వైపులా అడవి కొండలు, దక్షిణాన సముద్రం. పెట్టని కోట లాంటి ఈ చోటునే మినమోతో యొరితోమో 12వ శతాబ్దంలో తన సైనిక ప్రభుత్వానికి ఎంచుకున్నాడు. ఊళ్లోకి రావాలంటే కొండను తొలిచిన ఇరుకు కనుమలే దారి. అలాంటివి ఏడు.

కిత కమకుర రైల్వే స్టేషన్‌ను ఆనుకునే ఎంగాకుజి విహారం ఉంది. పాలకుడు హోజో తొకిమునే 1282లో దీన్ని స్థాపించాడు. మంగోలు దండయాత్రల్లో చనిపోయిన ఇరుపక్షాల వారి స్మృతిలో కట్టించాడంటారు. పాలకుల దానం వెనుక రాజకీయం ఉండకపోదు. అయినా శత్రువు చావును కూడా చావుగానే లెక్కించిన చోటు అది.

అక్కడికి దగ్గర్లోనే, పట్టాలకు అవతల, తోకేజి. మేము ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. తొకిమునే 1284లో చనిపోయాడు. భిక్షుణిగా మారిన ఆయన భార్య కకుసాన్ మరుసటి ఏడే ఈ విహారాన్ని స్థాపించింది. కాలక్రమంలో ఇది భర్త నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు ఆశ్రయమైంది.

తొకుగవ పాలనలో సామాన్య కుటుంబాల్లో విడాకుల కాగితం రాసిచ్చే అధికారం భర్తదే. మూడున్నర వరుసల కాగితం, అంతే. అది చేతిలో లేకుండా ఆడమనిషి మళ్లీ పెళ్లి చేసుకుంటే శిక్ష. కొట్టినా తాగి ఇల్లు గుల్ల చేసినా, ఆ కాగితం రాయనంటే ఆమె దారి మూసుకుపోయినట్టే. తోకేజి గడప దాటిందంటే మాత్రం భర్త ఆమెను లాక్కుపోవడానికి లేదు. వెంటబడి వస్తుంటే చెప్పునో తలపిన్నునో లోపలికి విసిరినా చాలు, లోపలికి వచ్చినట్టేనని జనంలో మాట.

ఆ తర్వాత జరిగేది మాకు, చట్టం చదివిన కళ్లకు, బాగా తెలిసిన పనిలాగే కనిపించింది. విహారం ముందుగా ఆమె పుట్టింటివారిని పిలిపించి రాజీకి చూసేది. కుదరకపోతే భర్తతో కాగితం రాయించే ప్రయత్నం. అతడు మొండికేస్తే ఆమె 24 నెలలు విహారంలో ఉండాలి. ఆపైన అతడు కాగితం ఇచ్చి తీరాల్సిందే.

ఇదేమీ స్వర్గం కాదు. కట్టిన సొమ్మును బట్టి లోపల హోదా, పని మారేవి. పేదింటి పిల్లకు బరువు పనులే మిగిలేవి. డబ్బు గీసిన అంతరం ధమ్మ నివాసంలోకీ వచ్చిందన్నది దాచాల్సిన విషయం కాదు. అయినా ఎదోలో, అంటే నేటి తోక్యోలో, బయల్దేరిన ఆడమనిషి సుమారు 50 కిలోమీటర్లు నడిచి ఇక్కడికి చేరేదంటే, ఆమెకు వేరే తలుపు లేకే కదా.

1871లో మెయిజీ ప్రభుత్వం ఈ హక్కును రద్దు చేసింది. విడాకుల కోసం ఆడవాళ్లు స్వయంగా కోర్టుకెక్కే వీలు 1873లో వచ్చింది. మన దేశంలో హిందూ కోడ్ బిల్లును నిలిపేసినందుకు బాబాసాహెబ్ మంత్రి పదవి వదులుకున్నది 1951లో. హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో.

తోకేజి నుంచి కాస్త ముందుకెళ్తే జోచిజి విహారం. దాని పక్క నుంచే కొండదారి మొదలవుతుంది. దేవదారు నీడ, వెదురు, మెట్లలా అల్లుకున్న వేళ్లు. వాన పడితే జారుతుంది, గట్టి చెప్పులుండాలి. కొండ దిగితే కంచు బుద్ధుడు. 11 మీటర్ల ఎత్తు, 121 టన్నుల బరువు, 13వ శతాబ్దపు పోత. చుట్టూ ఉండిన మందిరాన్ని తుఫానులు పడగొట్టాయి. ఆ స్తంభాలు నిలిచిన రాళ్లు కొన్ని ఇప్పటికీ ఆవరణలో ఉన్నాయి, వచ్చినవాళ్లు వాటి మీద కూర్చుని కాళ్లు చాపుకుంటారు.