మన ఖూన్ కథ: ఖాహిరా నుంచి భీమవరం దాకా



మొన్న ఉంగుటూరు వెళ్లినప్పుడు మా ఆపా రక్తపరీక్ష కాగితం చూశాను. ఆమెకు ఆరో నెల. హిమోగ్లోబిన్ 8. "ఏం కాదులే, మాకూ ఇలాగే ఉండేది" అంది అమ్మీ. కానీ నాలుగు మెట్లెక్కితే ఆపాకు సాన్స్ అందడం లేదు. ఖూన్‌కీ సాన్స్‌కీ ఉన్న ఈ రిష్తా ఎవరు కనిపెట్టారా అని చదివితే, ఆ తారీఖ్‌లో మన హకీమ్ ఒకరు, మన పక్క ఊరి డాక్టర్ ఒకరు కనిపించారు.

యునానీ హకీమ్ జాలీనూస్ చెప్పిన మాటనే దునియా వెయ్యేళ్లకు పైగా నమ్మింది. గుండె కుడి గదిలోని ఖూన్ మధ్యగోడలో ఉన్న సన్నటి రంధ్రాల గుండా ఎడమ గదిలోకి పోతుందని ఆయన చెప్పాడు. మన ఇబ్న్ సీనా కూడా అదే దారిలో నడిచారు. దమిష్క్‌లో చదివి ఖాహిరాలో వైద్యం చేసిన ఇబ్న్ అల్-నఫీస్ మాత్రం 1242లో, ఇబ్న్ సీనా 'ఖానూన్'పై రాసిన షరహ్‌లో ఒప్పుకోలేదు. ఆ గోడ గట్టిది, అందులో రంధ్రాల్లేవు అన్నారు. ఖూన్ కుడి గది నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కడ హవాతో కలిసి, తిరిగి ఎడమ గదికి వస్తుందని రాశారు. ఉస్తాద్ మీద ఎంత అదబ్ ఉన్నా, ఆయన మాటను అక్లుతో తూచి చూడటం మన పెద్దల రివాజ్.

ఆయన 1288లో ఇంతిఖాల్ అయ్యారు. ఇల్లు, కితాబులు ఖాహిరాలోని మన్సూరీ దవాఖానాకు ఇచ్చేశారు. ఇంగ్లండ్‌లో హార్వే రక్తప్రసరణ పుస్తకం వచ్చింది 1628లో. ఇబ్న్ అల్-నఫీస్ షరహ్ మాత్రం మరుగున పడిపోయింది. 1924లో తతావీ అనే మిస్రీ డాక్టర్ బెర్లిన్ లైబ్రరీలో దాన్ని చూసేదాకా లోకానికి ఈ సంగతి గుర్తులేదు.

ఆ హవాలోంచి ఖూన్ తీసుకునేది ఆక్సిజన్ అని తర్వాత తెలిసింది. దాన్ని మోసేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. 1864లో హోప్-సైలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులుంటాయి. ఒక్కోటి ఒక్క ఆక్సిజన్ అణువును పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో పట్టుకుని, ఆక్సిజన్ తక్కువున్న చోట వదిలేస్తుంది. ఎర్రకణం ఉమర్ సుమారు 120 రోజులు. కాబట్టి ఒళ్లు రోజూ కొత్త కణాలు తయారుచేసుకోవాలి. దానికి ఇనుము ఒక్కటే చాలదు.

ఈ సంగతి తేలింది మన దేశంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టర్ బొంబాయి వచ్చి, హమల్‌తో ఉన్న గరీబ్ ఔరతుల్లో రక్తహీనత ఎందుకొస్తోందో పరిశోధించింది. అందరికంటే నాసి తిండి, అందరికంటే ఎక్కువ జబ్బు గరీబ్ ముస్లిం ఔరతులకే ఉన్నాయి. ఆ వాక్యం చదివాక కాసేపు కితాబ్ పక్కన పెట్టేశాను. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ పెడితే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ఆమె ప్రకటించింది. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది.

ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ కంపెనీ బృందం. దాని పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్న పురుషోత్తం స్ప్రూ జబ్బుతో పోయారు. స్ప్రూలో తిన్నది ఒంటబట్టదు, ఖూన్ పలచబడుతుంది. అన్నను తీసుకెళ్లిన ఆ జబ్బు మీద కూడా ఫోలిక్ యాసిడ్ పనిచేసింది. సుబ్బారావు 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్ర సర్కారీ దవాఖానాలో ముఫ్త్‌గా ఇస్తున్నారు. మా ఆపాకూ ఇచ్చారు. కడుపులో తిప్పుతోందని డబ్బాలోనే దాచిపెట్టింది! డాక్టర్‌ను అడిగితే, అన్నం తిన్నాక వేసుకోమని, ఆ వెంటనే చాయ్ తాగొద్దని చెప్పారు. చాయ్ ఇనుమును ఒంటబట్టనివ్వదు.

మందు సంగతి అలా ఉంచితే, మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ దగ్గర మగవాళ్లు, పిల్లలు తిన్నాకే ఔరతులు కూర్చుంటారు. అప్పటికి గోష్త్ అయిపోతుంది, తోటకూర అడుగంటుతుంది. బొంబాయిలో లూసీ విల్స్ చూసిన ఔరతులు కూడా ఇలాగే ఆఖర్న తిని ఉంటారని నా ఖయాల్. ఆ రోజు ఆపాను మాతోపాటు కూర్చోబెట్టి, ముందు ఆమె పళ్లెంలోనే వడ్డించాను. అమ్మీ కాస్త వింతగా చూసింది, తర్వాత తనూ పక్కన కూర్చుంది.

ఆపా కోసం, పుట్టబోయే బిడ్డ కోసం దువా చేయండి. మీ ఇంట్లో ఔరతుల హిమోగ్లోబిన్ ఎంతో కూడా ఓసారి అడగండి.