స్వర్ణకారుడును పరశిల్ప దర్శనమును

విశ్వకర్మ సంతతివారగు సోదరులారా! మన కులవృత్తులు ఐదని పెద్దలు చెప్పుదురు. మనువు ఇనుమును, మయుడు దారువును, త్వష్ట కంచును తామ్రమును, శిల్పి రాతిని, విశ్వజ్ఞుడు స్వర్ణమును చేపట్టిరని మన యిండ్లలో బాలురు సైతము చెప్పగలరు. ఐదుగురమును ఒక్క తండ్రి బిడ్డలమని సభలలో చెప్పుకొనుచున్నాము. కాని యొకని పనిని మఱియొకడు కన్నెత్తి చూచుట నేడు మిక్కిలి తగ్గినది. స్వర్ణకార యువకులలో పెక్కండ్రు యంత్రముతో పోతపోసిన నగల పటములను ముందుంచుకొని, వానినే తిరుగవ్రాయుచున్నారు. తన కుంపటియొద్దనే కన్నులు నిలిపినవానికంటె, ఇతర శిల్పుల చేతిపనిని కన్నులార చూచి నేర్చినవాడే మన వృత్తికి వన్నె తెచ్చెనని చరిత్రమువలన చూపుట యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట సాంచీ స్తూపమును చూతము. దాని దక్షిణ తోరణము క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమునాటిదని పండితులు నిర్ణయించిరి. ఆ తోరణముపై రెండు చిన్న శాసనములు గలవు. శాతకర్ణి మహారాజు కొలువున పనివాండ్రకు పెద్దయైన ఆనందుడనువాడు పైదూలమును దానమిచ్చెనని యొకటి తెలుపును. స్తంభముపై రూపములను చెక్కినవారు విదిశా నగరపు దంతపు పనివారని రెండవది చెప్పును. ఏనుగు దంతమునకలవాటుపడిన చేతులు రాతిని తాకినవి. కనుకనే ఆ శిల్పములలో హారముల పేటలును, కంకణముల వరుసలును అంత సూక్ష్మముగ తీరినవి. ఒక వృత్తివాడు మఱియొక వృత్తి పదార్థమును చేపట్టుట అపచారమని నాటివారు తలపలేదు. తమ వృత్తి పేరును సగర్వముగ రాతిపైననే వ్రాయించుకొనిరి.

ఇక మన దేశమునకు వత్తము. న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలకు 1981లో ఒక బంగారు కర్ణభూషణముల జత చేరినది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున, బహుశః ఆంధ్రదేశముననే యవి చేయబడి యుండునని యచ్చటి పండితుల యభిప్రాయము. ఒక తీగెనుండి రెండు మొగ్గలు వెడలినట్లు వాని యాకృతి యున్నది. ఆ మొగ్గలలో ఱెక్కల సింహమొకటి, ఏనుగొకటి నగిషీపనిగా తీర్పబడినవి. వానిపై ఆవగింజకంటె చిన్నవైన బంగారు గుండ్లు వరుసలుదీర్చి యతుకబడినవి. ఇట్టి కర్ణభూషణములనే జగ్గయ్యపేట స్తూపపు చక్రవర్తి ఫలకమున రాజు చెవులకు శిల్పి చెక్కి యున్నాడు. స్వర్ణకారుని పనిని శిల్పి చూచెను. శిల్పి చెక్కు సింహమును, ఏనుగును, లతను స్వర్ణకారుడు చూచెను. వీరిలో ఎవరు గురువో, ఎవరు శిష్యుడో తేల్చనక్కఱలేదు. ఒకరి యంగడి వాకిలి మఱియొకరికి తెఱచియుండెనని గ్రహించిన చాలును.

పైని చెప్పిన గుండ్లపనిని గూర్చి కొంత వివరింపవలసియున్నది. బంగారు తునుకలను బొగ్గుపొడిలో నుంచి కాల్చిన నవి కరగి తమంతట తామే గుండ్లగును. ఇది మన కుఱ్ఱవాండ్రకును తెలిసినదే. కష్టమంతయు వానిని రేకుపై నిలుపుటలో నున్నది. వెలిగారమును, అతుకును పెట్టి యూదినచో అతుకు కరగి గుండ్ల నడిమి సందులను నింపి పనిని మొద్దు చేయును. ప్రాచీనులు సందు పూడకుండ గుండ్లను నిలిపిరి. ఈ రహస్యమునకై ఐరోపాఖండమున నొక స్వర్ణకార కుటుంబము పడిన పాట్లు మనకు గొప్ప పాఠము.

రోమునగరమున ఫార్చునాటో పియో కాస్టెల్లానీ (1794–1865) యనునాతడు 1814లో అంగడి తెఱచి, మొదట నాటి ఫ్రెంచి, ఇంగ్లీషు నగల ననుకరించుచుండెను. 1836లో చెర్వెటేరి యను చోట ఎట్రుస్కనుల సమాధి యొకటి బయల్పడెను. అందలి స్వర్ణాభరణములపై కంటికానని గుండ్లపనిని చూచి యాతడు విస్మితుడయ్యెను. రెండువేల యేండ్లకు పైబడిన యా పనిని తనవారెవ్వరును చేయలేకుండిరి. తన యజ్ఞానమునకు సిగ్గుపడక యాతడు వెదకుట కారంభించెను. తుదకు అపెనైను పర్వతములలో సాంటాంజెలో ఇన్ వాడో యను చిన్నయూరిలో, పల్లెస్త్రీలకు నగలుచేయు పనివారు కొన్ని పూర్వపద్ధతుల నింకను నిలుపుకొనియుండుట యెఱిగి, వారిని రోమునకు రప్పించి తన పనివారికి గురువులుగా నియమించెను. రాజధానియందలి పేరుమోసిన స్వర్ణకారుడు పల్లెటూరి కంసాలి యెదుట శిష్యుడగుట సామాన్యమా!

ఆతని కుమారులు అలెస్సాండ్రో, అగస్టోలు ఆ కృషినే సాగించిరి. అతుకును కంటికి కానరానంత మెత్తగ ఆకురాయితో రాచిరి. వెలిగారమునకు మాఱుగ ఆర్సెనిక్ లవణములను వాడిచూచిరి. అయినను ప్రాచీనుల సౌక్ష్మ్యమును పూర్తిగ అందుకొనలేకపోయిరి. 1930 తరువాతనే లిటిల్డేలను ఆంగ్లేయుడు తామ్రలవణమును జిగురుతో కలిపి గుండ్లను నిలిపి కాల్చు మార్గమును వెల్లడించెను. జిగురు మసియై లవణమును రాగిగ మార్చును. ఆ రాగి బంగారముతో కలిసి, బంగారము కరగు వేడికంటె తక్కువ వేడిమిలోనే, గుండు రేకును తాకిన చోట మాత్రము అతుకును. కాస్టెల్లానీల సేకరణము 1919లో రోమునందలి విల్లా జూలియా ప్రదర్శనశాలకు దానముగ నీయబడినది.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమి? ఒకటి: చూచుట వేఱు, దొంగిలించుట వేఱు. కాస్టెల్లానీలు ప్రాచీనుల యాకృతులను గైకొన్నను, తమ నగపై తమ ముద్రను వేసిరి. ఇది ప్రాచీనము, ఇది మాది యని చెప్పగలిగిరి. పరుని పనిలోని యాకృతిని మాత్రమే యెత్తికొనువాడు అనుకర్త. ఆ చేయి యెట్లాడెనో విచారించువాడు శిల్పి. రెండు: పనిమర్మములను దాచుటవలన వృత్తి వర్ధిల్లదు. కుమారునికి దప్ప మర్మము చెప్పరాదను నియమము మనలో చాలమంది పాటించిరి. కుమారుడు లేని యింట, ఉన్నను వాడు వేఱు కొలువునకు పోయిన యింట, ఆ విద్య తండ్రితోడనే కాటికి పోయినది. ఇది పరులు మనకు చేసిన యపకారము గాదు, మనకు మనము చేసికొన్నది.

చూడగోరినవానికి మన దేశమున కొదవలేదు. 1213లో కట్టబడిన పాలంపేట రామప్పగుడి మదనికల మెడలలో ఎన్ని హారములు! కరీంనగరపు వెండి తీగపనిలో కమ్మచ్చున తీసిన సన్నని తీగ యెన్ని వంపులు తిరుగుచున్నది! పెంబర్తి కంచరుల సుత్తిదెబ్బలో ఎంత పొందిక యున్నది! ఇవన్నియు మన సోదరుల చేతిపనులే.

కాబట్టి మహాసభవారికి మా మనవి యిది. ఏటేట కొందఱు స్వర్ణకార యువకులను, చిత్తుపుస్తకమును పెన్సిలును చేతికిచ్చి, దేవాలయములకును, ప్రదర్శనశాలలకును, ఇతర వృత్తులవారి పనిశాలలకును పంపవలెను. వృద్ధులైన పనివారి మర్మములను వారు జీవించియుండగనే వ్రాయించి భద్రపఱుపవలెను. యంత్రమును మనము నిలుపజాలము. యంత్రము చూడజాలని దానిని చూడగల కన్ను మాత్రము మన చేతిలో నున్నది. ఐదుగురు సోదరుల వాకిండ్లును మరల నొకరికొకరికి తెఱువబడుగాక!