ఐర్లండు రైతాంగమూ, హర్లింగ్ ఆటా

ఆటల చరిత్ర అంటే గెలిచిన వారి పేర్ల జాబితా అని మనలో చాలామంది అభిప్రాయం. అందుకే సాహిత్యాన్నీ, నాటకాన్నీ, జానపద కళలనూ వర్గ దృష్టితో పరిశీలించే మన విమర్శకులు ఆటల జోలికి పోరు. ఇది పొరపాటని నా అభిప్రాయం. శ్రమించే మనిషికి వారంలో దొరికే నాలుగు గంటల తీరికను ఎవరు, ఏ విధంగా, ఎందుకోసం సమీకరించారన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు జవాబు వెదకటానికి ఐర్లండులో 1887లో జరిగిన తొలి అఖిల ఐర్లండు హర్లింగ్ పోటీల కంటె మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

హర్లింగ్ ఐర్లండు గ్రామీణుల ఆట. చివర వంగి, చదునుగా వెడల్పయిన యాష్ చెట్టు కర్రతో చిన్న తోలు బంతిని నేల మీదనూ గాలిలోనూ కొడుతూ ఎదుటివారి గోలు దాటించాలి. హాకీకి ఇది చుట్టమే గాని, హాకీలో లేని స్వేచ్ఛ ఇందులో ఉన్నది. బంతిని చేత పట్టవచ్చు, తల మీదుగా ఆకాశానికి ఎగరగొట్టవచ్చు. కుహులిన్ అనే పురాణ వీరుడు బాల్యంలో ఈ ఆట ఆడినట్టు ఐరిష్ గాథలు చెబుతాయి. 1366లో ఇంగ్లీషు పాలకులు చేసిన కిల్కెన్నీ శాసనాలు ఈ ఆటను నిషేధించాయి. ఈ రెండు విషయాలనూ జోడించి, హర్లింగ్ ఐరిష్ జాతి ఆత్మ అనీ, రెండువేల ఏళ్ళుగా తెగని ధార అనీ జాతీయవాదులు చెబుతూ వచ్చారు.

కాని చరిత్ర ఇంత సాఫీగా నడవదు. 18వ శతాబ్దంలో దక్షిణ ఐర్లండులో ఈ ఆటను పోషించినవారు భూస్వాములే. ఒక జమీందారు తన కౌలుదార్లను జట్టుగా దింపితే, పొరుగు జమీందారు తన కౌలుదార్లను దింపేవాడు. ఇద్దరి మధ్యా పందేలు. మన కోడిపందేలలో పుంజుకున్న స్థానమే ఆ ఆటలో కౌలుదారుది. ఆ శతాబ్దం చివర రైతు తిరుగుబాట్లు చెలరేగి, పల్లె జనం గుమిగూడటమంటేనే ప్రభువులకు భయం పట్టుకున్నప్పుడు, ఈ పోషకులు మెల్లగా తప్పుకున్నారు. ఆ తర్వాత 1845లో బంగాళాదుంప పంటకు తెగులు వచ్చింది. 1852 నాటికి సుమారు పది లక్షల మంది ఆకలికీ రోగాలకూ చనిపోయారు. కనీసం అంతమంది ఓడలెక్కి దేశం విడిచారు. ఆడేవాళ్ళే లేని ఊళ్ళలో ఆట ఏమవుతుంది? అక్కడక్కడా, ముఖ్యంగా గాల్వే ప్రాంతంలో, మిణుకుమిణుకుమంటూ మిగిలింది. కాబట్టి ఈ ధార తెగలేదనటం సరికాదు. తెగింది. తెగినదాన్ని మళ్ళీ ముడివేసినవారెవరన్నదే అసలు విషయం.

1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, హేస్ హోటలులో పట్టుమని పదిహేనుమంది కూడా లేని సభ ఒకటి జరిగి, గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టింది. దీనికి మూలపురుషుడు మైకేల్ క్యూసాక్. క్లేర్ కౌంటీలో ఐరిష్ భాష మాట్లాడే పేద కుటుంబంలో పుట్టి, బడిపంతులై, డబ్లిన్‌లో ప్రభుత్వోద్యోగ పరీక్షలకు విద్యార్థులను తయారు చేసిన మనిషి. జేమ్స్ జాయిస్ 'యులిసీస్' నవలలో 'సిటిజన్' అనే పాత్రకు ఈయనే మూలమని చెబుతారు. జాయిస్ ఆ పాత్రను వెటకారంగా చిత్రించాడు. జాతి పేరు చెప్పి పరాయివాణ్ణి ద్వేషించే సంకుచితత్వాన్ని ఆ వెటకారం సరిగానే పట్టుకున్నది. అయితే క్యూసాక్ లేవనెత్తిన మరొక ప్రశ్న అందులో కనపడదు. అప్పటి ఇంగ్లీషు పద్ధతి క్రీడాసంఘాలు 'అమెచ్యూరు' అనే మాటను అడ్డుపెట్టి చేతిపనివారినీ, కూలీలనూ పోటీలకు దూరంగా ఉంచేవి. పోటీలు శనివారం జరిగేవి. కూలివానికి శనివారం పని దినం. కొత్త సంఘం ఆటను ఆదివారానికి మార్చింది. ఈ ఒక్క మార్పులో ఉన్న ప్రజాస్వామ్యం వంద ఉపన్యాసాలలో ఉండదు.

సంఘానికి పోషకులుగా ముగ్గురిని కోరారు. ఒకరు ఆర్చిబిషప్ క్రోక్, రెండవవారు పార్లమెంటు నాయకుడు పార్నెల్, మూడవవారు భూమి పోరాటాన్ని నడిపిన ల్యాండ్ లీగు స్థాపకుడు మైకేల్ డేవిట్. మతం, పార్లమెంటు, రైతు పోరాటం — ఈ మూడూ ఒకే పందిరి కింద కూర్చున్నాయి. ఎంతకాలం కలిసి కూర్చోగలవన్నది 1887లో తేలింది.

ఆ సంవత్సరం ఐర్లండు ఎలా ఉన్నదో చెప్పకుండా ఆ పోటీల గురించి చెప్పటం సాధ్యం కాదు. 1886 అక్టోబరులో 'ప్లాన్ ఆఫ్ క్యాంపెయిన్' అనే ఉద్యమం మొదలైంది. ధరలు పడిపోయాయి కాబట్టి కౌలు తగ్గించమని రైతులంతా ఒక్కటై అడగాలి. భూస్వామి ఒప్పుకోకపోతే, తాము న్యాయమనుకున్న మొత్తాన్ని ఉద్యమ నిధిలో జమకట్టి, వెళ్ళగొట్టబడిన రైతులను దానితో పోషించాలి. ఈ పోరాటానికి పేరుపడ్డ రంగాలలో ఒకటి గాల్వే కౌంటీ తూర్పున పోర్టమ్నా, వుడ్‌ఫర్డ్ ప్రాంతంలోని క్లాన్‌రికార్డ్ ప్రభువు ఎస్టేటు. ప్రభువు లండన్‌లో కాపురం. పల్లెలో పోలీసు బలగంతో ఇళ్ళు ఖాళీ చేయించటం అతని ఏజెంటు పని. 1887లో ప్రభుత్వం కొత్త నిర్బంధ చట్టం తెచ్చింది. ఆ సెప్టెంబరు 9న కార్క్ కౌంటీలోని మిచెల్స్‌టౌన్‌లో రైతుసభ మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. అదే ఏడు హర్లింగ్ సంఘం పోలీసులకు సభ్యత్వం లేదని తీర్మానించింది. దీనిని సంకుచితత్వమని కొట్టివేయకముందు, ఆ పోలీసు ఆదివారం నాడు ఆటస్థలానికీ, సోమవారం నాడు ఇల్లు ఖాళీ చేయించటానికీ వచ్చేవాడని గుర్తుంచుకోవాలి.

ఇటువంటి ఏడాదిలో తొలి అఖిల ఐర్లండు పోటీ తలపెట్టారు. ప్రతి కౌంటీలోనూ క్లబ్బులు తమలో తాము ఆడి, గెలిచిన క్లబ్బు కౌంటీ తరఫున రావాలి. జట్టుకు 21 మంది. ఒక్క గోలు ఎన్ని పాయింట్లకైనా మించినదే. పన్నెండు కౌంటీలు పేర్లిచ్చాయిగాని, బరిలోకి నిజంగా దిగినవి టిప్పరరీ, గాల్వే, క్లేర్, కిల్కెన్నీ, వెక్స్‌ఫర్డ్ అనే అయిదే. కార్క్ వంటి పెద్ద కౌంటీ, తన ప్రతినిధి ఏ క్లబ్బన్న తగవు తెగక, ఆటకే రాలేదు. ఇంతలో నవంబరులో థర్లెస్ మహాసభలో పందిరి కూలింది. రహస్య విప్లవ సంఘమైన ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్ మనుషులు సంఘాన్ని చేజిక్కించుకున్నారు. ఫాదరీలు, వారి అనుయాయులు సభ నుంచి లేచిపోయారు. 1888 జనవరిలో ఆర్చిబిషప్ క్రోక్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. అందుచేత 1887 పోటీకి ఫైనల్ 1888లో జరగవలసి వచ్చింది.

1888 ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం. బిర్ అనే పట్టణంలో ఒక పొలం. ఒక పక్క టిప్పరరీ తరఫున థర్లెస్ జట్టు. రెండవ పక్క గాల్వే తరఫున షానన్ నది ఒడ్డున ఉన్న మీలిక్ జట్టు. మీలిక్ పోర్టమ్నాకు దగ్గరి ఊరు. ఇళ్ళ ఖాళీలు, పోలీసు బలగాలు దానికి పొరుగు వార్తలే. టిప్పరరీ ఒక గోలు, ఒక పాయింటు చేసింది. గాల్వే ఏమీ చేయలేకపోయింది. మొదటి గోలు చేసినవాడు టామీ హీలీ. నాయకుడు జిమ్ స్టేపుల్టన్. రికార్డు పుస్తకాలు ఇక్కడితో ఆగుతాయి.

మనం ఆగగూడదు. ఆనాడు స్టేపుల్టన్ నాయకుడు కావలసినవాడు కాదు. జట్టుకు నాయకుడు డెనిస్ మెహర్. బిర్‌కు బయలుదేరేటప్పుడు ప్రయాణపు ఖర్చులు ఎవరు భరించాలన్న తగాదా వచ్చింది. మెహరూ, అతని తోటి ఆటగాళ్ళు కొందరూ వెనుదిరిగిపోయారు. దేశచరిత్రలో తొలి ఫైనల్. జాతి గౌరవమంటూ పత్రికలలో వ్యాసాలు. మహాసభలో ఫాదరీలూ విప్లవకారులూ పోట్లాడుకునేంత ప్రాముఖ్యం. తీరా ఆడవలసిన మనిషి దగ్గరకు వచ్చేసరికి రైలు ఛార్జీ దగ్గర కథ ఆగింది.

ఈ తగాదాను అపశ్రుతిగా, చిల్లర విషయంగా చెప్పేవారున్నారు. నా దృష్టిలో ఆ పోటీ మొత్తానికి ఇది కీలకం. ఎందుకంటే ఈ ఆటను పునరుద్ధరించింది పురాణ వీరుడూ కాదు, జాతి ఆత్మా కాదు. రైలు, వార్తాపత్రిక, అచ్చయిన నియమావళి, కౌంటీ కమిటీ, ఆదివారపు సెలవు — ఇవన్నీ 19వ శతాబ్దపు సాధనాలు. ఆ సాధనాలతో ఒక కౌలు రైతు బిడ్డ ముప్పై మైళ్ళు పోయి, పొరుగు కౌంటీవానితో సమానంగా నిలబడి ఆడగలిగాడు. అంతకు వందేళ్ళ క్రితం అతని తాతను జమీందారు తన ఖర్చుతో దింపాడు. తన పందెం కోసం దింపాడు. ఇప్పుడు పందెంకాసే దొర లేడు. సంఘం ఆటగాళ్ళదే. అయితే సంఘం నడపటంలో పెద్ద చేయి ఎవరిది? దుకాణదారులు, సారా అంగళ్ళవారు, బడిపంతుళ్ళు, ఫాదరీలు, కొంచెం భూమి గల రైతులు. వీరికి ఒక ఆదివారపు ప్రయాణం భారం కాదు. కూలి మీద బ్రతికేవానికి అది భారం. జాతి అంతా ఒక్కటే అన్న నినాదం కింద ఈ తేడా దాగింది. డెనిస్ మెహర్ కావాలని కాకపోయినా దానిని బయటపెట్టాడు.

అదే ఏడు ఇదే సంగతి ఇంకొక రూపంలో వచ్చింది. ప్రాచీన క్రీడోత్సవాలను పునరుద్ధరించాలంటే నిధులు కావాలని, 1888 శరత్కాలంలో సుమారు యాభైమంది క్రీడాకారులను అమెరికా యాత్రకు పంపారు. యాత్ర నష్టాలతో ముగిసింది. తిరుగు ప్రయాణానికి మైకేల్ డేవిట్ 450 పౌన్లు ఇవ్వవలసి వచ్చింది. పోయినవారిలో కొందరు వెనక్కి రాలేదు, అమెరికాలోనే ఉండిపోయారు. ఆ ఏటి పోటీ పూర్తికాలేదు. నేటికీ 1888కి హర్లింగ్ విజేత లేడు. ప్రాచీన వైభవం కోసం పంపిన యువకులకు అక్కడ కావలసింది ప్రాచీన వైభవం కాదు, బ్రతుకు తెరువు. ఇంతకంటె స్పష్టంగా చరిత్ర ఎలా మాట్లాడుతుంది?

అట్లాగని ఆ సంఘం ప్రాముఖ్యాన్ని తగ్గించటం నా ఉద్దేశం కాదు. సామ్రాజ్యవాదం కింద నలిగిన గ్రామాలకు సమావేశం కావటం, ఎన్నుకోవటం, తగవు పడి మళ్ళీ కలియటం నేర్పిన పాఠశాల అది. 1916 తిరుగుబాటులో హర్లింగ్ ఆటగాళ్ళెందరో పాల్గొన్నారు. ఆనాడు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న మన వి.వి.గిరి ఆ వాతావరణంలోనే రాజకీయం నేర్చుకుని, అధికారుల అనుమానానికి గురై అదే ఏడు స్వదేశానికి తిరిగి వచ్చి, తరువాత రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. 1920 నవంబరు 21న డబ్లిన్ క్రోక్ పార్కులో ఆట చూడవచ్చిన జనం మీద బ్రిటిషు బలగాలు కాల్పులు జరిపి, ఒక ఆటగానితో సహా 14 మంది ప్రాణాలు తీశాయి. ఈ సంఘాన్ని పాలకులు తేలికగా తీసుకోలేదు. మనమూ తీసుకోగూడదు.

అయితే గౌరవించటమంటే ప్రశ్న మానటం కాదు. పరాయి ఆటలు ఆడినవారినీ, చూసినవారినీ కూడ బహిష్కరించే నియమాన్ని ఆ సంఘం 1971 దాకా వదలలేదు. పోలీసుల మీద నిషేధాన్ని, దానికి కారణమైన పరిస్థితులు మారిన తరువాత కూడ, 2001 దాకా పట్టుకుని కూర్చున్నది. పోరాటంలో పుట్టిన ఆయుధం, పోరాటం పోయాక ఆచారంగా మిగలటం ఇదే. మెహర్ ప్రశ్న మాత్రం బ్రతికే ఉన్నది. ఈనాటికీ కౌంటీ ఆటగాళ్ళకు జీతం లేదు. లక్షలాది ప్రేక్షకుల టిక్కెట్టు డబ్బు వస్తుంది. ఆడేవాడు సోమవారం తన పనికి పోతాడు. 2002లో కార్క్ హర్లర్లు ప్రయాణం, వైద్యం వంటి సదుపాయాల కోసం సమ్మె చేసి సాధించుకున్నారు. 1888లో కొందరు ఒంటరిగా వెనుదిరిగిన చోట, 114 ఏళ్ళ తరువాత జట్టు అంతా కలిసి నిలబడింది.

ప్రజల కళలనూ, ప్రజల ఆటలనూ పునరుద్ధరించాలని మనం కూడ తీర్మానాలు చేస్తుంటాం. ఆ కళకు ఎన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉన్నదని వ్యాసాలు రాస్తాం. రాయవలసిందే. దానితోపాటు, ఆ కళాకారుడు తన ఊరినుంచి మన సభకు రావటానికి ఆ పూట కూలి పోగొట్టుకున్నాడా, బస్సు ఛార్జీ ఎవరిచ్చారు అన్నది కూడ మన తీర్మానంలో ఒక వాక్యంగా ఉండాలి.